వానపాము మెడకు పసుపు గుడ్డ

అది ప్రమోదూత నామ సంవత్సరం, మృగశిర కార్తె. ఏ ప్రమోదూత అని నన్ను అడక్కండి. అది అరవై ఏళ్లకోసారి తిరిగొస్తూనే ఉంటుంది. ఇది మాత్రం ఎప్పటిదో, చాలా పాతది. ఆ రోజుల్లో వానపాముకు గొంతుండేది.

అలాంటిలాంటి గొంతు కాదు. మడికి ఈ గట్టున తుమ్మితే ఆ గట్టున ఎద్దులు చెవులు రిక్కించేవి. పొద్దున్నే ఇల్లు ఊడ్చుకుంటూ పాడేది. మన్ను తింటూ మాట్లాడేది. నోట్లో మన్ను పెట్టుకుని మాట్లాడకూడదని దానికి ఎవరూ చెప్పలేదు.

దాని ఇల్లు గవరయ్య కూరగాయల మడి కింద ఉండేది. మడి చిన్నదే. ఇల్లు మాత్రం పెద్దది. పైన వాకిలి. వాకిలి నుంచి లోపలికి వంకరటింకర దారులు. దారుల పక్కన గదులు. ఎండుటాకులు దాచుకోవడానికి ఒకటి, ఎండలు ముదిరితే చుట్టుకుని పడుకోవడానికి ఒకటి, గుడ్లు పెట్టుకోవడానికి ఒకటి.

వాన పడితే నీళ్లు ఆ దారుల్లోంచే చకచకా కిందికి దిగిపోయేవి. గాలి కూడా అటే వచ్చి అటే పోయేది. వంగ వేళ్లు, మిరప వేళ్లు ఆ దారులు పట్టుకునే లోపలికి వెళ్లేవి. వేసిన దారి ఉండగా కొత్తది తవ్వుకోవడానికి వాటికేమైనా పిచ్చా?

ఇక పైన ఉన్నవాళ్ల సంగతి. గవరయ్యకు ఆ మడి తప్ప వేరే ఆధారం లేదు. వంగ, మిరప పండించి అతని భార్య నూకాలు గంపలో ఊరూరా తిప్పి అమ్మేది. ఆ గంప నిండితేనే ఇంట్లో కుండ ఉడికేది. ఇద్దరూ మంచివాళ్లే. కష్టపడేవాళ్లే. అయితే ఆ ఊళ్లో ఒక దిక్కుమాలిన ఆచారం ఉండేది.

నారు నాటే ముందు దున్నిన మడిలోకి ఊరి పెద్ద బంగారయ్య కొత్త కుండ పట్టుకుని వచ్చేవాడు. తనకు నచ్చిన చోట నిలబడి, కుండను నడుమెత్తున పట్టుకుని వదిలేసేవాడు. కుండ పగలకపోతే మన్ను పిండిలా ఉన్నట్టు. ఆ కుండకు బొట్టు పెట్టి, ఆ ఇంటి ఇల్లాలి నెత్తిన పెట్టి, డప్పులతో ఇంటికి సాగనంపేవారు. పగిలితే ఏదో మట్టిబెడ్డ మీద పడినట్టు. ఇక ఏడాది పొడుగునా ఆ ఇంటివాళ్లను ‘బెడ్డలోళ్లు’ అనేవారు.

వంకాయలు ఎలా కాశాయని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. ఇంత ఊళ్లో ఒక్కరికైనా అడగాలని తోచలేదు.

అంతకుముందు ఏడు గవరయ్య మడిలో కుండ పగిలింది. పెళ్లికి వెళితే “బెడ్డలోళ్లొచ్చారు, ఆకులెయ్యండి” అన్నారు. పురుటికి వెళితే “బెడ్డలోళ్లమ్మా, పిల్లను ఎత్తుకో” అన్నారు. నూకాలు నవ్వి ఊరుకుంది. గవరయ్యకు మాత్రం ఆ మాట చెప్పులో రాయిలా ఉండిపోయింది.

“ఈ ఏడు ఆ కుండ పగిలితే నా పేరు గవరయ్య కాదు” అన్నాడు.

“పేరెక్కడికి పోద్ది? బెడ్డలోడని ఇంకోటుందిగా” అంది నూకాలు.

గవరయ్య నాగలి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తొలివాన పడి నేల పదునుకొచ్చింది. గవరయ్య ఎద్దుల్ని కట్టి మడి నిలువునా దున్నాడు. కింద వానపాము వాకిలి పోయింది. అది దుమ్ము దులుపుకుని పైకి వచ్చింది.

“గవరయ్యా, ఏడాదికోసారి వస్తావు, వాకిలి తీసేస్తావు, సరే. మీ తాత కాలం నుంచీ అలవాటైపోయింది. అయిపోయిందిగా, ఇక వెళ్లు” అంది.

“వెళ్తా, వెళ్తా” అన్నాడు గవరయ్య.

వానపాము కొత్త వాకిలి కట్టుకుంది. మట్టి తిని, మెత్తగా చేసి, చిన్న చిన్న ఉండలుగా బయట పోసింది. చూస్తే ముచ్చటేసేలా ఉన్నాయి.

మర్నాడు గవరయ్య మళ్లీ వచ్చాడు. మడి అడ్డంగా దున్నాడు. వాకిలి పోయింది, ఆకుల గది కూడా పోయింది.

“నిన్న వెళ్తానన్నావుగా?”

“వెళ్లాను. ఈవేళ వచ్చాను.”

“ఎందుకొచ్చావు?”

“మన్ను మెత్తగా అవ్వాలి.”

“మన్ను మెత్తగా చెయ్యడం నా పనయ్యా. నువ్వు ఇంటికెళ్లి పడుకున్నా నేను దున్నుతూనే ఉంటాను. ఎద్దులక్కర్లేదు, కర్రు అక్కర్లేదు, గడ్డి కూడా అడగను. నాలుగు ఎండుటాకులు పడెయ్యి, చాలు.”

“నువ్వు దున్నితే ఎవరికి కనబడుద్ది?” అన్నాడు గవరయ్య.

నిజమే, ఎవరికీ కనబడదు. వానపాము విసుక్కుంటూ లోపలికి పోయి మళ్లీ మొదలుపెట్టింది.

ఇక్కడ కొంగ సంగతి చెప్పాలి. తెల్లబట్టలు కట్టుకుని, పెళ్లికొచ్చిన చుట్టంలా గవరయ్య వెనకాలే సాలు వెంట నడిచేది. నాగలి తిరగేసినప్పుడల్లా ఏ పురుగు బయటపడితే ఆ పురుగు దాని నోట్లోకే.

“అబ్బ, ఏం దుక్కి బావా, ఏం దుక్కి” అనేది. “ఇలాంటి దుక్కి ఈ చుట్టుపక్కల నేను చూళ్లేదు. ఆ మూల మాత్రం ఒక బెడ్డ ఉన్నట్టుంది. ఇంకో సాలు వేస్తే పోలా?”

గవరయ్య ఇంకో సాలు వేసేవాడు.

“ఇటు పక్క కూడా బావా.”

ఇటు పక్క కూడా వేసేవాడు.

ఎద్దులు రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి. “మనం ఈ దారిన పొద్దున్న వెళ్లలేదా?” అనేది ఎడమది. “పొద్దున్నా వెళ్లాం, నిన్నా వెళ్లాం” అనేది కుడిది. “మరి ఏం పోగొట్టుకున్నాడట?” “మొన్న పెళ్లిలో ఏదో పోయిందట.” ఎద్దులకు కూడా తెలిసిపోయింది. గవరయ్యకే తెలియలేదు.

అలా రోజూ దున్నాడు. దున్నిన దాన్నే మళ్లీ దున్నాడు. దున్నడం అయిపోయాక కర్ర పట్టుకుని బెడ్డల్ని ఒక్కొక్కటీ చితక్కొట్టాడు. మన్ను సన్నగా, ఎర్రటి పిండిలా, గాలికి లేచేలా అయింది. కింద వానపాముకు ఇక మిగిలింది ఒక్కటే గది. అందులో దాని గుడ్లున్నాయి.

ఈసారి వానపాము తిట్టలేదు. మెల్లగా పైకి వచ్చి, మర్యాదగా మాట్లాడింది. అలా మాట్లాడడం దానికి ఎంత కష్టమో దానికే తెలుసు.

“నాయనా గవరయ్యా, వాకిలి తీశావు, ఊరుకున్నాను. దారులు పూడ్చావు, ఊరుకున్నాను. నా గుడ్ల గది ఒక్కటుంది. పిల్లలు బయటికొచ్చేదాకా ఆ చోటు ముట్టుకోకు. చాప పరిచినంత చోటే. మిగతాదంతా నీ ఇష్టం.”

గవరయ్య రాయి కాదు. ఆ మాట వినేసరికి అతనికి జాలేసింది. ఒక కంది పుల్ల తెచ్చి ఆ చోట గుచ్చాడు.

“ఇదిగో, ఈ పుల్ల చుట్టూ దున్నను. సరేనా?”

“సరే” అంది వానపాము. అప్పటికి దాని గొంతు కాస్త బొంగురుపోయింది.

గవరయ్య ఇంటికి బయల్దేరాడు. గట్టు మీద బంగారయ్య ఎదురయ్యాడు. ఊరి పెద్ద, వరసకు గవరయ్యకు మావ. నోట్లో చుట్ట, మొహాన నవ్వు.

“ఏమల్లుడూ, దుక్కి అయిందా? రేపు కుండ పట్టుకొస్తున్నాను. మడి మధ్యలో ఆ పుల్లేటి?”

“ఏమీ లేదు మావా. అక్కడ కొంచెం దున్నకుండా వదిలేశాను. వానపాము గుడ్లున్నాయట.”

బంగారయ్య చుట్ట తీసి చేత్తో పట్టుకున్నాడు. “వానపాము గుడ్లా? మంచిదే, మంచిదే. రేపు నేను ఎక్కడ నిలబడతానో నాకే తెలీదల్లుడూ. కాళ్లు ఎటు తీసుకెళితే అటు.” అంతే అన్నాడు. చుట్ట నోట్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

గవరయ్య గట్టు మీదే నిలబడిపోయాడు. మడి వంక చూశాడు. పుల్ల వంక చూశాడు. ఇంత మడిలో బంగారయ్య సరిగ్గా అక్కడే నిలబడతాడా? నిలబడడు. కానీ నిలబడితే? మళ్లీ ఏడాదంతా ఆ మాట. పెళ్లిలో, పురుటిలో, ఆఖరికి చావు దగ్గర కూడా.

“బావా,” అంది కొంగ వెనక నుంచి, “అదొక్కటే మచ్చ.”

గవరయ్య వెనక్కి వెళ్లాడు. పుల్ల పీకేశాడు. ఎద్దుల్ని మళ్లీ కాడికి కట్టాడు.

వానపాము అప్పుడు అరిచిన అరుపు ఆ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. చెరువు అవతల బట్టలుతికేవాళ్లు చేతిలో బట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయారట. గవరయ్య మాత్రం ఎద్దుల్ని అదిలిస్తూ వినబడనట్టే ఉన్నాడు. కర్రు గుడ్ల గదిని తిరగేసింది. కొంగ వంగి, ఒక్కొక్కటీ ఏరుకుంది. మర్యాదగానే తింది. తిన్నాక ముక్కు రెక్కకు తుడుచుకుంది.

మర్నాడు బంగారయ్య వచ్చాడు. నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు వేసి, మడి ఆ చివర నిలబడ్డాడు. పుల్ల ఉన్న చోటుకు ఎంతో దూరంలో. కుండ వదిలాడు. కుండ మెత్తగా మన్నులో కూరుకుని నిలబడింది.

డప్పులు మోగాయి. నూకాలు నెత్తిన కుండ పెట్టారు. ఊరంతా గవరయ్యను మెచ్చుకుంది. గవరయ్య నవ్వాడు కానీ, ఆ నవ్వు మొహం మీద సరిగ్గా కూర్చోలేదు.

సాయంత్రానికి నారు నాటడం అయింది. నారుమడిలో ఉన్న మొక్కలన్నీ పీకి మడి నిండా నాటారు. చివర గుప్పెడు వంగ మొక్కలు మిగిలాయి. మడిలో చోటు లేదు. గట్టు పక్కన ఎద్దులు తిరిగే చోట నాగలి అందని సన్నని పట్టీ ఒకటుంది. ఎండుటాకులు, గడ్డి పడి, మన్ను నల్లగా ఉంది. నూకాలు బొరిగెతో మొక్క పట్టేంత గుంట తీసి, ఒక్కొక్క మొక్కా అక్కడ పెట్టేసింది. పారెయ్యడం ఎందుకని పెట్టింది. అంతకుమించి ఏ ఆలోచనా లేదు.

వానపాము అప్పటికి ఇల్లూ వాకిలీ లేక ఆ గట్టు పక్కకే చేరింది. అక్కడి నుంచి అరుస్తూనే ఉంది.

“వాన వస్తోందయ్యా. నాకు వాసన తెలుస్తోంది. నీళ్లు దిగడానికి ఒక్క దారి లేదు. అన్నీ పూడ్చేశావు. పైన పిండి పోశావు. ఆ పిండి మీద వాన పడితే ఏమవుతుందో మీ ఆవిణ్ణి అడుగు, రోజూ రొట్టె చేస్తుంది. ఆకులు కప్పు. గడ్డి కప్పు. ఏదో ఒకటి కప్పు. వింటున్నావా? నీకే చెబుతున్నాను. చెవులున్నాయా, లేక వాటిని కూడా దున్నేశా—”

అక్కడ గొంతు ఆగిపోయింది.

“హమ్మయ్య,” అన్నాడు గవరయ్య, “ఇప్పటికి ఊరుకుంది.”

వాన వచ్చింది. పెద్ద వాన. చినుకు ఒక్కొక్కటీ నేలను కొడుతుంటే సన్నటి మన్ను బురదై, ఆ బురద పైన మూతలా పరుచుకుంది. నీళ్లు దిగుదామని చూశాయి. “ఇక్కడ దారుండేదే” అంది ఒక చినుకు. “ఇటు కూడా ఉండేది” అంది ఇంకోటి. ఏ దారీ కనబడక అన్నీ కలిసి మడి మీదుగా పరిగెత్తాయి. పరిగెత్తేవి ఊరికే పోతాయా? మన్ను పట్టుకుని పోయాయి. మన్నుతో పాటు నారు పోయింది. వాగు ఎర్రగా పొంగింది. ఆ ఎరుపంతా గవరయ్య మడే.

వాన వెలిసి ఎండ కాసింది. మిగిలిన మన్ను పెంకులా బిగిసింది. అక్కడక్కడ మిగిలిన మొక్కల మెడలు ఆ పెంకులో ఇరుక్కుని, గాలాడక వాలిపోయాయి. గవరయ్య వేలితో నేలను తట్టాడు. కుండను తట్టినట్టు టంగుమంది.

“నేల గట్టిపడింది బావా,” అంది కొంగ, “మళ్లీ దున్నాలేమో.”

గవరయ్య చేతికందిన బెడ్డ తీసి కొంగ మీదికి విసిరాడు. మడిలో బెడ్డలు లేవు కదా, గట్టు నుంచి తెచ్చి మరీ విసిరాడు.

అప్పుడు నూకాలు పిలిచింది. “ఇటు రా, ఒకసారి చూడు.”

గట్టు పక్కన ఆ గుప్పెడు వంగ మొక్కలూ నిటారుగా నిలబడి ఉన్నాయి. ఆకులు పచ్చగా ఉన్నాయి. మొదళ్ల దగ్గర మన్ను ఎక్కడిదక్కడే ఉంది. నూకాలు ఎండుటాకులు పక్కకు జరిపింది. కింద నేల నిండా సన్నటి కన్నాలు. నీళ్లన్నీ అటే దిగిపోయాయి.

“ఇది మనం దున్నలేదు కదా” అన్నాడు గవరయ్య.

“మనం దున్నలేదు. దున్నినవాళ్లు వేరే ఉన్నారు” అంది నూకాలు.

గవరయ్య నేలకు చెవి ఆనించాడు. “ఓ వానపామా,” అన్నాడు, “ఉన్నావా? తిట్టు. ఎంత తిట్టాలంటే అంత తిట్టు.”

ఏమీ వినబడలేదు.

నూకాలు వేళ్లతో మెల్లగా మన్ను తీసింది. వానపాము పైకి వచ్చింది. నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. మళ్లీ తెరిచింది. మళ్లీ రాలేదు. అరిచి అరిచి గొంతు పోయింది.

నూకాలు ఇంటికెళ్లి పసుపు నీళ్లు తెచ్చింది. చీర చెరగులో సన్నటి పేలిక చింపి, ఆ నీళ్లలో ముంచి, వానపాము మెడకు చుట్టి కట్టింది. పిల్లలకు గొంతు పట్టేస్తే కట్టినట్టే కట్టింది.

“మాట్లాడకు. గొంతుకు విశ్రాంతి ఇవ్వాలి” అంది.

గవరయ్య మడి వైపు చూపించి “రా, మళ్లీ ఇల్లు కట్టుకో” అన్నాడు. వానపాము కదల్లేదు. తల తిప్పి, గట్టు మీద ఉన్న నాగలి వైపు చూసింది. చూస్తూనే ఉంది.

గవరయ్యకు అర్థమైంది. నాగలి ఇంటికి మోసుకెళ్లి అటక మీద పెట్టాడు. కర్రును కమ్మరి దగ్గర కరిగించి బొరిగెలు చేయించాడు. ఆ ఏడు అమ్మడానికి గట్టు పక్కన కాసిన వంకాయలే. నూకాలు గంప అడుగు కూడా నిండలేదు. చెయ్యి చాచడం ఇష్టంలేక ఇద్దరూ పక్కూళ్లో రాళ్లు మోసే పనికి వెళ్లారు. మధ్యలో తీరిక దొరికినప్పుడల్లా ఎండుటాకులు, గడ్డి, పీకిన కలుపు తెచ్చి మడి మీద పరిచారు. ఎద్దుల్ని అడిగితే చెప్పేవి, ఆ ఏడు వాటికి చాలా బాగుందని.

వానపాము గట్టు దిగి వచ్చింది. ముందు వాకిలి కట్టింది. తర్వాత దారులు.

పై ఏడు మృగశిరకు బంగారయ్య కుండ పట్టుకుని వచ్చాడు. మడి చూసి ఆశ్చర్యపోయాడు.

“ఇదేటల్లుడూ? నేల దున్నలేదేం?”

“మొక్క పట్టేంత గుంట తీశాను మావా. మిగతాది దున్నేవాళ్లు దున్నుతున్నారు.”

“కుండ వదలమంటావా?”

“నీ ఇష్టం.”

బంగారయ్య ఏరి కోరి ఆకులు లేని చోట నిలబడి కుండ వదిలాడు. కుండ పగిలింది.

“ముక్కలు ఏరుకుని వెళ్లు మావా,” అన్నాడు గవరయ్య, “కాళ్లకు గుచ్చుకుంటాయి. ఇక్కడ మేం పని చేసుకోవాలి.”

ఊరు నవ్వింది. వాళ్లను మళ్లీ బెడ్డలోళ్లన్నారు. ఆ ఏడు వాన మళ్లీ గట్టిగానే పడింది. నీళ్లు మడిలోకి దిగిపోయాయి. వాగు ఎర్రగా పారింది. అది మిగతా మడుల మన్ను.

అప్పటినుంచే వానపాము మెడ దగ్గర ఆ పట్టీ ఉంటుంది. కావాలంటే మెల్లగా తవ్వి చూడండి, చూసి మళ్లీ కప్పెయ్యండి. మన్నులో తిరిగి తిరిగి పసుపు వెలిసిపోయింది కానీ కట్టు ఊడలేదు. అప్పటినుంచే వానపాము మాట్లాడదు. వాన పడినప్పుడల్లా పైకి వచ్చి తల ఎత్తుతుంది, చెప్పాల్సింది ఇంకా ఉంది కనుక. కొంగ మాత్రం ఇప్పటికీ నాగలి వెనకాలే నడుస్తోంది. వినేవాడు దొరికితే ఇంకో సాలు వెయ్యమంటూనే ఉంది.

గవరయ్య ఇంటివాళ్లకు ఆ పేరు పోలేదు. వాగులో పోయిన మన్ను తిరిగి రాలేదు. పసుపు గుడ్డ కట్టినా వానపాము గొంతు రాలేదు. పుల్ల పీకిన ఏడు పెట్టిన గుడ్లలో ఒక్కటి కూడా మిగల్లేదు.